ధనియం ముక్కు

గురువారం పొద్దున, అపార్టుమెంటు సెల్లారులో స్కూటర్ల వరస పక్కన నడుస్తున్న ధనియం ఉన్నట్టుండి ఆగింది. దాని డొక్కలు కొలిమితిత్తుల్లా ఎగిరెగిరి పడ్డాయి. తోక లేచి గాలిలో అక్కడే నిలబడిపోయింది. ఆ తరువాత మూతి తిప్పుకుని లిఫ్టు వైపు లాగింది.

"అటు కాదే," అంది సుచరిత తాడు గుంజుతూ. "ఈ పక్క వెతుకు."

లవంగం డబ్బీ ఎక్కడుందో సుచరితకు తెలుసు. దాచింది అత్తగారు. వెంకటలక్ష్మమ్మకు నడుం వంగదు కాబట్టి, ఈ వారమంతా ఆవిడ మోటారు గది పక్కనున్న పాత స్కూటరు సీటు మీదే దాస్తోంది. సుచరిత కుక్కను అక్కడికే నడిపించింది. ధనియం మర్యాదకోసం సీటును వాసన చూసింది. చక్రాన్నీ చూసింది. చివరికి సుచరిత ముఖంలోకి చూసింది. ఎక్కాలు రాని పిల్లను చూసే లెక్కల మేష్టారి ఓపిక ఉంది ఆ చూపులో.

మెట్ల మీద కూర్చున్న వెంకటలక్ష్మమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "అది ఆ పక్క పోతానంటాంటే నువ్వెందుకు ఈ పక్కకు ఈడుస్తాండావు మే? దానికి ముక్కుండాది. నీకేముండాది?"

"యాడ దాచినారో చెప్పగూడదత్తమ్మా. ఆట చెడిపోతాది."

"నేనేం చెప్పలే. నోటీసు బోర్డు వెనక పెట్టినానని చెప్పినానా?"

సుచరిత తాడు వదులు చేసింది. ధనియం నేరుగా లిఫ్టు పక్కనున్న బోర్డు దగ్గరికి వెళ్ళి, చట్రం కింది అంచుకు ముక్కు ఆనించి కూర్చుంది. ఊపిరి తప్ప ఇంకేదీ కదలలేదు. వెనక చెయ్యిపెడితే డబ్బీ దొరికింది. చిన్న రేకు డబ్బీ, మూతకు బెజ్జాలు, లోపల లవంగనూనె తాకించిన దూది. ఆట మొత్తం ఇంతే. ఎవరో దాస్తారు, కుక్క వెతుకుతుంది, దొరికినచోట కూర్చుంటుంది. పక్కనున్న మనిషి చెయ్యెత్తి "దొరికింది" అనాలి. కుక్క చేసే పని కష్టమనీ, మనిషి చేసే పని తేలికనీ సుచరిత మొదట్లో అనుకుంది.

దోసిట్లో బొరుగులు పోసి తినిపిస్తూ తలెత్తింది. అప్పుడు కనిపించింది బోర్డు మీద కొత్త కాగితం.

జాతి పత్రం లేని కుక్కలను ఆదివారం సాయంత్రం సమావేశం తరువాత ప్రాంగణంలో ఉంచరాదు. కింద అసోసియేషన్ అధ్యక్షుడు రాజశేఖర్ సంతకం, మామూలు కంటే కాస్త పెద్దది.

ఆ భవనంలో ఉన్న కుక్కలు రెండు. ఒకటి రాజశేఖర్‌ది.

లిఫ్టు తలుపు తెరుచుకుని ఇద్దరు బయటికి వచ్చారు, రాజశేఖరూ, ఆయన లాబ్రడార్ బ్రూనో. రాజశేఖర్‌కు కోడుమూరు దగ్గర మామిడితోట, కర్నూలులో కాంట్రాక్టు పనులు, నోట్లో ఎప్పుడూ ఒక కిళ్ళీ. ఆ కిళ్ళీ సంగతి ఆయన భార్య స్వర్ణలతకు తప్ప భవనమంతటికీ తెలుసు. లిఫ్టు మళ్ళీ పైకి వెళ్ళేదాకా ఆగి, దవడ ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చుకున్నాడు.

"చదివినావా సుచరితమ్మా? నిన్ను మనసులో పెట్టుకోని రాసింది కాదులే."

"పత్రమంటే ఏం పత్రమన్నా?"

"ఏదో ఒకటమ్మా. కుక్క పేరు, జాతి, ముద్ర, సంతకం ఉండల్ల. బ్రూనోకు బెంగళూరు నుంచి వచ్చిండాది. మీ దానిది అంగడి కుక్కాయె. రేపు ఎవరి మీదన్నా పడితే నేనేం జవాబు చెప్పల్ల?"

ఆ మాట అంటూండగానే ధనియం ముందుకు వెళ్ళి ఆయన ప్యాంటు జేబుకు ముక్కు ఆనించింది. సుచరిత చటుక్కున తాడు లాగింది. ధనియం ముందుకాళ్ళు నేలమీద జారాయి.

"చూసినావా, మీదికొస్తాంది," అన్నాడు రాజశేఖర్ రెండడుగులు వెనక్కి వేసి. ఆయన చెడ్డమనిషేం కాదు. వెంటనే గొంతు తగ్గించాడు. "నీకు బాధ లేకుండా చేస్తాలే. మా తోటకు పంపించు. గొలుసేసి షెడ్డు కాడ కట్టేస్తారు. తిండికి కొదవుండదు."

"సరేలేన్నా. మీ ఇష్టం."

ఆ రెండు మాటలు సుచరిత నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, పర్సులో చిల్లరలాగా. ఇచ్చేసిన తరువాతే గుర్తొస్తుంది, ఎందుకిచ్చానా అని. బ్రూనో పోయిన నెల పాలాయన పంచె పట్టుకుని గేటు దాకా వెళ్ళిన సంగతి ఆమెకు మెట్లెక్కుతుండగా జ్ఞాపకం వచ్చింది.

"ఎవరిష్టం మే?" వెనక నుంచి అడిగింది వెంకటలక్ష్మమ్మ, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ. "గొలుసంట. బొరుగులు తినే కుక్కకు గొలుసు."

శుక్రవారం ఎండ ముదరకముందే సుచరిత స్కూటీ ముందు పలక మీద ధనియాన్ని కూర్చోబెట్టుకుని ఓర్వకల్లు వెళ్ళింది. దారి పొడుగునా ధనియం చెవులు వెనక్కి పడేసి, ఎదురుగాలిని నముల్తున్నట్టు కూర్చుంది. లారీ డ్రైవర్లు హారన్ కొట్టి మరీ చూశారు. సుచరిత హెల్మెటు లోపల నవ్వుకుంది. బి.ఎస్సీ. చదివేటప్పుడు కూడా ఇంత దర్జాగా రోడ్డు మీద వెళ్ళిన జ్ఞాపకం లేదామెకు.

రాళ్ళగుట్టల పక్కన, తాటిమట్టల పందిరి కింద ఏసన్న ఎదురుచూస్తున్నాడు. పోలీసు కుక్కల దళంలో హెడ్‌కానిస్టేబులుగా చేసి దిగిపోయిన మనిషి. పదవీ విరమణ తరువాత కూడా మీసం మాత్రం డ్యూటీలోనే ఉంది.

"తిండేం తెచ్చినారమ్మా ఈ పొద్దు?"

"బొరుగులే సార్. పుట్నాలు కలిపినా."

"నా సర్వీసులో బొరుగులకు పని చేసే కుక్కను ఇదొక్కదాన్నే చూస్తాండా," అన్నాడు ఏసన్న ఆకాశం వైపు చూసి. కోమట్ల ఇంటి కుక్క మాంసం తినగూడదని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయన జేబులో ఉడికించిన చికెను ముక్కలున్నాయని సుచరితకూ ఎవరూ చెప్పలేదు. ఓర్వకల్లు వచ్చిన రోజున ధనియం ఎందుకంత చురుగ్గా ఉంటుందో తెలియనట్టు ఉండటమే ఇద్దరికీ బాగుంది.

"ఆ పక్కకు తిరుగమ్మా. యాడ పెడతానో నువ్వు చూడగూడదు. నీకు తెలిస్తే నీ చెయ్యి తాడుకు చెప్తాది, తాడు కుక్కకు చెప్తాది. అప్పుడు వెతికేది నువ్వు, ఉత్తపుణ్యానికి పేరు దానికి."

సుచరిత గుట్టలకు వీపు పెట్టి నిలబడింది. వెనక ఏసన్న చెప్పుల చప్పుడు ఒకచోట ఆగి, ఇంకోచోట ఆగి, కావాలనే మరొకచోట కూడా ఆగింది. తరువాత ఆయన పిలిచాడు.

"వెతుకు," అంది సుచరిత.

ధనియం మొదట ఊరికే పరుగెత్తింది. ముక్కు నేలకు రాస్తూ ఒక తుప్ప, ఒక రాయి, ఎవరో పడేసిన నీళ్ళ సీసా. తాడు సుచరిత అరచేతిలోంచి జారుతూ పోయింది. గుట్ట మీది నుంచి గాలి తెర ఒకటి దిగింది. అంతే, ధనియం తల ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు గిరుక్కున తిరిగింది. వాసన గాలిలో దొరికింది దానికి. ఎడమకు నాలుగు గెంతులు, వాసన తెగిపోయింది. కుడికి తిరిగింది, మళ్ళీ దొరికింది. అటూ ఇటూ తిరిగే ఆ మలుపులు ఒక్కోసారికి చిన్నవవుతూ వచ్చాయి. సుచరిత వెంటపడింది. చున్నీ ముళ్ళకు తగులుకుంది. లాక్కుని పరుగెత్తింది. చిరిగిన చప్పుడు వినిపించినా వెనక్కి చూడలేదు.

రెండు బండల మధ్య నెర్రె దగ్గర ధనియం కూర్చుంది. నోరు మూసుకుంది, తోక బిగిసింది. ముక్కుపుటాలు మాత్రం ఆడుతున్నాయి.

సుచరిత ఏసన్న ముఖం వైపు చూసింది. ఆయన దూరంగా పోతున్న విమానాన్ని చూస్తున్నాడు.

"సార్, ఇదేనా?"

"నన్నెందుకు అడుగుతాండావమ్మా? నా మొగాన లవంగముండాదా?"

సుచరిత చెయ్యి భుజం దాకా లేచింది. "దొరికింది... అనుకుంటా."

"అనుకుంటా అనే మాట ఈ ఆటలో లేదు. చెయ్యి పైకెత్తల్ల, మాట బయటికి రావల్ల. తప్పయితే తప్పు. దానికేం భయం?"

డబ్బీ నెర్రెలోనే ఉంది.

"రేపు కడపలో పోటీ," అన్నాడు ఏసన్న ధనియానికి నీళ్ళు పోస్తూ. అరచెయ్యి చాటున చికెను ముక్క కూడా వెళ్ళింది. "మన రాయలసీమ కుక్కలోళ్ళంతా కలిసి పెడతాండారు. పాసైతే కాగితమిస్తారు. పేరు, జాతి, ముద్ర అన్నీ ఉంటాయి. మీ ప్రెసిడెంటు అడిగేది అదే గదా?"

"నాటుకుక్కకు కూడా ఇస్తారా?"

"జాతి అనే కాడ నాటు అని రాస్తారు. రెండక్షరాలు. రాసేదానికి వాళ్ళకేం నొప్పి?" ఏసన్న వేళ్ళు మడవటం మొదలుపెట్టాడు. "ఒకటి గుర్తు పెట్టుకో. ఇంగ ఇంట్లో లవంగం ముట్టగూడదు. పలావు వద్దు, మసాలా టీ వద్దు. మీ ఆయన అంగడి నుంచి వచ్చినోడు వచ్చినట్టే కారెక్కగూడదు, తలకు పోసుకోవల్ల. మీ అత్తమ్మ పంటి కింద పెట్టుకునే లవంగం కూడా రేపటికి బందు. నీ ఒంటి మీద లవంగం నలుసుంటే కుక్క నిన్నే పట్టుకుంటాది. దాని తప్పు గాదు."

ఆ సాయంత్రం కిరణ్‌కుమార్ అంగడి మూసి వచ్చి, సబ్బు అరిగేదాకా స్నానం చేశాడు. మసాలా దినుసుల వ్యాపారం చేసేవాడికి తన ఒంటి వాసన తనకు తెలియదు. తువ్వాలుతో బయటికి వచ్చి ధనియం ముందు చేతులు చాచి నిలబడ్డాడు. అది మోచేతి దగ్గర కూర్చుంది. మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

"ఈ కుక్క ఇంకొన్నాళ్ళుంటే నేను డాక్టరంత శుభ్రంగా తయారైతా సుచీ," అన్నాడు తలుపు వెనక నుంచి.

వెంకటలక్ష్మమ్మ పంటి లవంగం ఉమ్మేసి నోరు పుక్కిలించింది. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి సుచరితకు అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా ఆవిడే చిరిగిన చున్నీ పక్కన పడేసి, బీరువాలోంచి పసుపురంగు కొత్త చున్నీ తీసి, మడిచి కోడలి బట్టల మీద పెట్టింది.

"పోటీకి చినిగింది వేసుకోని పోతారా ఎవరన్నా? ఇది వేసుకో. మడత నేను పెట్టినా, నువ్వేం విప్పి చూడొద్దు."

శనివారం తెల్లవారుతూనే కారు బయలుదేరింది. నంద్యాల దాటింది, ఆళ్ళగడ్డ దాటింది. ముందు సీట్లో వెంకటలక్ష్మమ్మ ఒళ్ళో ఉగ్గాని డబ్బా, ముఖంలో ఏదో ఒక పెద్ద పని పూర్తిచేసిన తృప్తి. వెనక సీట్లో ధనియం కిటికీ వైపు చూడనైనా చూడలేదు. సుచరిత నడుం పక్కన ముక్కు దూర్చి కూర్చుంది. తోస్తే తీస్తుంది, మళ్ళీ అక్కడే పెడుతుంది.

"భయపడతాన్నట్టుండాది," అన్నాడు కిరణ్‌కుమార్ అద్దంలో చూసి.

"నా భయం దానికంటుకుండాది," అంది సుచరిత, దాని తల నిమురుతూ.

పోటీ ఒక కల్యాణమండపంలో. ముందురోజు పెళ్ళి జరిగినట్టుంది. ద్వారం మీద పూలతో రాసిన ఇద్దరి పేర్లలో పెళ్ళికొడుకు పేరు అప్పటికే సగం రాలిపోయింది. హాలు మధ్య తాళ్ళు కట్టి అట్టపెట్టెలు వరసగా పేర్చారు. అన్నీ ఒకేరకం, ఒకదానిలోనే డబ్బీ. న్యాయనిర్ణేత పేరు మధులత. అనంతపురం ఆడపడుచు, ఉండటం బెంగళూరులో. పొట్టి జుట్టు, మెడలో విజిలు, ముఖంలో ఏ భావమూ లేదు. కుక్కలు కుర్చీలకింద, బల్లలకింద, యజమానుల కాళ్ళ మధ్య. మూలుగులు, మొరుగుళ్ళు, గొలుసుల చప్పుడు. సుచరిత చేతులు చెమర్చాయి. మనసులో మాత్రం పరీక్షలన్నీ అయిపోయిన రోజులాంటి ఒక తుళ్ళింత. ఆ రెండూ ఒకేసారి ఎలా ఉన్నాయో ఆమెకు అర్థం కాలేదు.

తాళ్ళ అవతల తెలిసిన చొక్కా ఒకటి కనిపించింది. రాజశేఖర్. పక్కన బ్రూనో.

"నువ్వూ వచ్చినావా సుచరితమ్మా? మంచిది. చూసి పోదువులే."

బ్రూనో ముందు వెళ్ళింది. అందమైన కుక్క, దువ్విన వెంట్రుకలు, ఠీవిగా నడక. మొదటి పెట్టె దగ్గర రాజశేఖర్ గొంతు తగ్గించి "సిట్" అన్నాడు. బ్రూనో కూర్చుని బిస్కెట్ తీసుకుంది. రాజశేఖర్ చెయ్యెత్తాడు. "దొరికింది."

"లేదు," అంది మధులత.

"ఇంగోసారి చూడండి మేడమ్, కూర్చునింది గదా."

"మీరు కూర్చోమంటే కూర్చుంది సార్. అది చెప్పినమాట వినింది, మీరు దాని మాట వినలేదు."

రాజశేఖర్ ఫలితం కాగితాన్ని నాలుగు మడతలు చేసి జేబులో పెట్టుకున్నాడు. ఫ్యాను గాలి ఎదురు తిరిగిందని చుట్టుపక్కలవాళ్ళకు చెప్పాడు. కానీ, వెళ్ళిపోలేదు.

"తరువాత, ధనియం," అని పిలిచారు. ఎవరో నవ్వారు. ఎవరో "రసం పెడతాండారా?" అన్నారు.

సుచరిత తాళ్ళు దాటి లోపలికి నడిచింది. మధులత తలూపింది. "వెతుకు."

ధనియం మొదటి పెట్టె దాకా వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. నేరుగా సుచరిత దగ్గరికి వచ్చి, ఆమె ఎడమ తుంటి పక్కన వేలాడుతున్న చున్నీ అంచుకు ముక్కు ఆనించి కూర్చుంది.

హాలంతా నవ్వింది. "అమ్మకొంగు వదల్లేదప్పా అది," అన్నారెవరో. సుచరిత చెవులు కాలిపోయాయి. "వెతుకు," అంది మళ్ళీ, పెట్టెల వైపు నడుస్తూ. ధనియం వరస పొడుగునా నడిచింది. తల మాటిమాటికీ వెనక్కే తిరిగింది. మళ్ళీ వచ్చి, అదే చోట, ఈసారి ముక్కు ఇంకా గట్టిగా ఒత్తి కూర్చుంది.

గడియారం నడుస్తోంది. సుచరిత ముఖాల కోసం చూసింది. తాడు అవతల ఏసన్న కాదు కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. కిరణ్‌కుమార్ రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. రాజశేఖర్ జాలిగా చూస్తున్నాడు. మధులత ముఖం తలుపు వేసిన ఇల్లులా ఉంది. అడగడానికి ఎవరూ మిగల్లేదు.

అప్పుడు కిందికి చూసింది. ధనియం నోరు మూసుకుని ఉంది. తోక బిగిసి ఉంది. ముక్కుపుటాలు ఆడుతున్నాయి. బండల మధ్య నెర్రె దగ్గర ఇలాగే కూర్చుంది. నోటీసు బోర్డు కింద ఇలాగే కూర్చుంది. అబద్ధానికి దాని దగ్గర వేరే కూర్చోవడం లేదు.

సుచరిత చెయ్యి ఎత్తింది. భుజం దాటింది, చెవి దాటింది, నిటారుగా నిలిచింది.

"దొరికింది."

మాట హాలు గోడలకు తగిలి తిరిగి వచ్చింది.

"ఎక్కడ?" అంది మధులత.

"నా దగ్గర."

నవ్వులు మళ్ళీ లేచాయి. మధులత నవ్వలేదు. "మీ దగ్గర ఎక్కడ?"

"నాకు తెలీదు మేడమ్. దానికి తెలుసు."

మధులత తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. చున్నీ అంచు చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడిమింది. లోపలి మడతలో గట్టిగా ఏదో తగిలింది. కుట్టు విప్పబోయింది.

"విప్పగూడదమ్మా, అది ముడుపు." కుర్చీల్లోంచి వెంకటలక్ష్మమ్మ గొంతు. ఆవిడ లేచి నిలబడింది. "దేవుని కడప స్వామికి మొక్కుకోని కట్టినా. గెలిచినాక నేనే పోయి హుండీలో వేస్తానని."

"ముడుపులో ఏం పెట్టినారత్తమ్మా?" అడిగింది సుచరిత.

"రూపాయి బిళ్ళ. పసుపు." వెంకటలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది. "ఒక లవంగం. దానికి విద్య వచ్చింది లవంగంతోనే గదా. ఉత్త రూపాయికి స్వామి ఏం చూస్తాడని..."

ఈసారి లేచిన నవ్వు వేరు. ఏసన్న తలమీద రెండు చేతులూ పెట్టుకుని కింద కూర్చుండిపోయాడు. మధులత ముఖంలో తలుపు కొంచెం తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది.

"నియమం ప్రకారం వాసన వస్తువును మనిషే మోసుకొస్తే పోటీ నుంచి తీసెయ్యాల్సిందే," అంది. "ఇంకో అవకాశం లేదు. సారీ."

కాగితం మీద చాలాసేపు రాసింది. ముద్ర వేసింది.

రాజశేఖర్ దగ్గరికి వచ్చాడు. "తోటకు చెప్పి పెడతాలేమ్మా," అని మెల్లగా చెప్పి బయటికి వెళ్ళాడు.

ఆఖరి కుక్క కూడా అయిపోయిన తరువాత మధులతే వచ్చింది. "లెక్కలోకి రాదు. నాకోసం ఒక్కసారి. ఆ చున్నీ తీసేసి."

చున్నీ, అత్తగారూ కారులోకి వెళ్ళారు. పెట్టెలు మార్చారు. డబ్బీ మార్చారు. "వెతుకు" అన్నమాట పూర్తికాకముందే ధనియం కదిలింది. వరస సగంలో తల గిరుక్కున తిరిగింది, ఒక పెట్టె దాటింది, ఆగింది, వెనక్కి వచ్చి కూర్చుంది. సుచరిత చెయ్యి దానితోపాటే లేచింది. "ఉంది," అంది మధులత. తరువాత కుర్చీల మధ్య. ఉంది. భోజనాల బల్లకింద. ఉంది. పూలు రాలిన ద్వారం పక్కన గోడ సందులో. ఉంది. ఒకదాని వెనక ఒకటి. సుచరిత పరుగెత్తుతోంది, జుట్టు ఊడిపోయింది, ఎవరి ముఖమూ చూడటం లేదు. చుట్టూ చప్పట్లు మొదలైన సంగతి కూడా ఆఖర్న తెలిసింది. కిరణ్‌కుమార్ ఎవరో తెలియని మనిషి భుజం పట్టుకుని ఊపుతూ, "మా అంగడిలో పుట్టింది, ధనియాల మూటల మధ్యన," అంటున్నాడు.

తిరుగుదారిలో వెంకటలక్ష్మమ్మ ముందు దేవుని కడపకు పోనిమ్మంది.

"గెలవలేదు గదమ్మా," అన్నాడు కిరణ్‌కుమార్.

"గెలిపించమని మొక్కలే నేను. కుక్క తప్పు చెయ్యగూడదని మొక్కినా. చెయ్యలే గదా." ఆవిడ హుండీలో ముడుపు వేసి వచ్చింది. మైదుకూరు దాటాక కిటికీలోంచి చూస్తూ, "తప్పు నాదే మే," అంది.

సుచరిత ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. రెండో చేతిలో మధులత ఇచ్చిన కాగితం. దారంతా అప్పటికి చాలాసార్లు చదివింది. ఎందుకో ఒక్కోసారికి ఇంకాస్త నవ్వొస్తోంది.

ఆదివారం సాయంత్రం సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముందు వరసలో స్వర్ణలత, వెనక మిగతావాళ్ళు. రాజశేఖర్ నేరుగా పెళ్ళిభోజనం నుంచి వచ్చినట్టున్నాడు, నుదుటిమీద గంధం ఆరలేదు. బ్రూనో పైనే ఉంది. నీళ్ళ ట్యాంకు, లిఫ్టు మరమ్మతు అయిన తరువాత ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇంగ కుక్కల సంగతి. సుచరితమ్మా, పత్రం ఏమన్నా ఉండాదా?"

"ఉండాదన్నా."

రాజశేఖర్ తలెత్తాడు. సుచరిత లేచి కాగితం విప్పింది. ధనియం ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

"కుక్క పేరు ధనియం. జాతి నాటు. ముద్ర ఉండాది, సంతకముండాది."

"నిన్న నేనూ ఆడనే ఉంటిని. పాసైనట్టు రాసినారా అందులో?"

అక్కడ ఆపేయొచ్చు. ఇంగ్లీషు కాగితం, చదివి చెప్పేది ఆమె. సుచరిత ఒక క్షణం ఆ ఆశను చూసి, పక్కనపెట్టింది.

"లేదన్నా. ఉన్నదున్నట్టు చదువుతా. వాసన ఎక్కడుందో కుక్క అక్కడే చూపించింది. నవ్వినా, తోసినా మాట మార్చలేదు. కుక్క తప్పు లేదు. లవంగం ఒంటిమీద పెట్టుకుని వచ్చినందుకు మనిషిని పోటీ నుంచి తొలగించడమైనది."

"అంటే ఫెయిలు."

"ఫెయిలైంది నేనన్నా, అది కాదు. ఫెయిలైనోళ్ళు ఈడ ఉండగూడదంటే నేను పోతా మీ తోటకు. గొలుసు మాత్రం కొంచెం పొడుగు పెట్టమనండి."

వెనక వరసల్లో ఎవరో దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వారు. వెంకటలక్ష్మమ్మ లేచింది. "ఆయమ్మ ఎందుకు పోతాది? ముడుపు కట్టింది నేను. నన్ను పంపండి."

"అంతా పోతే కుక్కకు అన్నం ఎవరు పెడతారు?" అంది రెండో అంతస్తు కృష్ణవేణమ్మ.

కిరణ్‌కుమార్ మెల్లగా చెయ్యి చాచాడు. "రాజశేఖరన్నా, నిన్న బ్రూనోకిచ్చిన కాగితం కూడా ఉంటాది గదా. అదీ చదివితే రెండూ పోల్చి చూడొచ్చు."

రాజశేఖర్ ఫ్యాను లేని సెల్లారు కప్పు వైపు చూశాడు. "అదెందుకులేప్పా ఇప్పుడు. టైమైతాంది. చేతులెత్తించేద్దాం. ఈ కుక్క ఈడ ఉండగూడదనేటోళ్ళు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. అప్పుడే ధనియం లేచింది. తల గిరుక్కున తిరిగింది. తాడు సుచరిత వేళ్ళలోంచి జారింది. ఆమె లాగలేదు. ధనియం వరస దాటి, స్వర్ణలత కాళ్ళ ముందు నుంచి, రాజశేఖర్ కుర్చీ దగ్గరికి వెళ్ళింది. ఆయన ప్యాంటు జేబుకు ముక్కు ఆనించి కూర్చుంది. నోరు మూసుకుంది. తోక బిగిసింది.

సుచరిత చెయ్యి లేచింది. భుజం దాటి, చెవి దాటి, నిటారుగా.

"దొరికింది."

అందరూ ఆ చెయ్యినే చూశారు. కుక్క ఉండగూడదని ఆ సెల్లారు మొత్తంలో లేచింది అదొక్కటే.

రాజశేఖర్ చెయ్యి వైపు చూశాడు, కుక్క వైపు చూశాడు. ఆఖర్న భార్య వైపు చూశాడు. స్వర్ణలత అరచెయ్యి చాచింది. జేబులోంచి చిన్న పొట్లం ఒకటి బయటికి వచ్చింది. విప్పితే పెళ్ళిభోజనం మీఠా కిళ్ళీ, మధ్యన గుచ్చిన లవంగం.

"వ్యతిరేకం ఒకటి," అన్నాడు రాజశేఖర్ పక్కనున్న కార్యదర్శితో, ఎవరినీ చూడకుండా. "రాసుకో."

"బొరుగులియ్యి మే," అంది వెంకటలక్ష్మమ్మ. "అది ఎదురుచూస్తాంది."